పట్నం దాకా కండ ఆగదు

జడ్చర్లలో ఎవరికన్నా ఛాతీలో నొప్పి లేచి, అది గుండెపోటేమోనన్న అనుమానం పుట్టగానే ఇంటి ముందు చేరిన నలుగురూ ఒకటే మాట అంటారు. "ఈడ టైం వేస్ట్ చేయకుండ్రి, సీదా పట్నం తీస్కపోండ్రి." ఈ మాట అనేవాళ్లు ఏమీ తెలియనివాళ్లు కారు. వాళ్లలో హెడ్మాస్టర్లుంటారు, బాదేపల్లి మార్కెట్లో కమీషన్ దుకాణం నడిపేవాళ్లుంటారు, వార్డు లీడర్లుంటారు, ఒక్కోసారి డాక్టర్లే ఉంటారు. వాదన కూడా గట్టిగానే కనిపిస్తుంది. 44వ జాతీయ రహదారి ఊరిని ఆనుకునే ఉంది. హైదరాబాద్ 85 కిలోమీటర్లే. రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటే గంటన్నరలో చేరొచ్చు. అక్కడ క్యాథ్‌ల్యాబ్ ఉంది, గుండె డాక్టరున్నాడు, ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డుంది. ఇక ఇక్కడి దవాఖానలో ఆగి చేసేదేముంది?

చేసేది చాలా ఉంది. ఆగకపోతే పోయేది ఇంకా ఎక్కువ ఉంది. గుండె ధమని పూర్తిగా మూసుకుపోయిన మనిషిని ఈసీజీ తీయకుండా, గడ్డ కరిగించే సూది వేయకుండా జడ్చర్ల దాటించడమంటే అతని గుండెలో కొంత భాగాన్ని దారిలో వదిలేసి పోవడమే. పట్నం పోవద్దని నేననడం లేదు. సూది వేయించుకొని పోవాలంటున్నాను. ఈ రెంటికీ నడుమ ఉన్న తేడా, బతికి బయటపడ్డ మనిషి మళ్లీ బస్తా ఎత్తగలడా లేదా అన్నంత తేడా.

గుండెపోట్లన్నీ ఒక రకం కావు కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. నేను మాట్లాడుతున్నది ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేచే రకం గురించి. డాక్టర్లు దాన్ని స్టెమి అంటారు. తక్కిన రకాలకు ఈ సూది పనికిరాదు, పైగా చేటు చేస్తుంది. అయితే మన దేశంలో ఈ రకం తక్కువేమీ కాదు. 89 ఆసుపత్రుల నుంచి 20 వేలకు పైగా రోగుల వివరాలు తీసి 2008లో ప్రచురించిన క్రియేట్ రిజిస్ట్రీలో ప్రతి పదిమందిలో ఆరుగురిది ఇదే. కష్టం చేసుకునే పల్లె జనానికి ఇలాంటివి రావని ఇంకా నమ్మేవాళ్లకు గోదావరి జిల్లాల లెక్క ఒకటుంది. 2003-04లో అక్కడి 45 గ్రామాల్లో మరణాల కారణాలు ఆరా తీస్తే దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే.

ధమని మూసుకుపోయాక లోపల జరిగేదేమిటి? 1977లో అమెరికా పరిశోధకులు రైమర్, జెన్నింగ్స్, వాళ్ల సహచరులు కుక్కల గుండె ధమనిని కట్టేసి, వేర్వేరు సమయాల తర్వాత విప్పి, చచ్చిన కండను కొలిచారు. 40 నిమిషాలకు విప్పితే, ఆ ధమని మీద ఆధారపడ్డ కండలో 38 శాతం పోయింది. 3 గంటలకు 57 శాతం, 6 గంటలకు 71 శాతం. అసలు విప్పకుండా 24 గంటలుంచితే 85 శాతం. ఈ అంకెల్ని నిదానంగా చూడాలి. నష్టం గంటకింత అని సమంగా పంచుకొని రాలేదు. సగానికి దగ్గర నష్టం మొదటి గంట నిండకముందే జరిగిపోయింది. మనిషి గుండె కుక్క గుండె కాదు, పక్క నాళాల నుంచి కాస్తో కూస్తో రక్తం అందేవాళ్లలో ఈ చావు నెమ్మదిగా సాగుతుంది. కానీ వరస మాత్రం ఇదే. ధమనులు గుండె పైపొర మీద నడుస్తాయి, లోపొరకు రక్తం చిట్టచివర అందుతుంది. కాలువకు నీళ్లు తగ్గితే చివరి ఆయకట్టు మొదట ఎండుతుందని పాలమూరు రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. గుండెలోనూ లోపొర ముందు చస్తుంది, చావు అక్కడి నుంచి బయటికి పాకుతుంది. బయటి పొర ఇంకా బతికున్నప్పుడే ధమని తెరిస్తే ఆ పొర మిగులుతుంది, గుండె గోడ నిలబడుతుంది.

చచ్చిన కండ మళ్లీ మొలవదు. స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో దీన్ని లెక్కగట్టిన తీరు విచిత్రంగా ఉంటుంది. అణుబాంబు పరీక్షలతో గాలిలో కలిసిన కార్బన్-14 మన కణాల్లోనూ చేరింది. దాన్ని బట్టి గుండె కణాల వయసు తేల్చారు. పాతికేళ్ల వాడి గుండెలో ఏడాదికి సుమారు ఒక శాతం కణాలు కొత్తవి పుడతాయి, డెబ్బై ఐదేళ్లకు అది అర శాతం కన్నా తక్కువ. ఆ లెక్కన ఒక్క రాత్రిలో పోయిన కండను పూడ్చడానికి ఒక జన్మ చాలదు.

ఇప్పుడు ఆ "గంటన్నర" సంగతి చూద్దాం. ఆ గంటన్నర చక్రాలు తిరిగే కాలం మాత్రమే. నొప్పి రాత్రి తొమ్మిదికి మొదలైందనుకోండి. మొదటి గంట గ్యాస్ ఖాతాలో పోతుంది. సోడా, ఈనో, ఛాతీ మీద జండూబామ్. పదింటికి వాడకట్టు ఆర్‌ఎంపీ వస్తాడు. గ్యాస్‌కు ఒక సూది, నొప్పికి డైక్లోఫినాక్ తుంటి మీద ఇంకో సూది. పావు తక్కువ పదకొండుకు చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టాక అందరికీ భయం తగులుతుంది. అప్పుడు కారు వెతుకులాట, డబ్బుల వెతుకులాట, కొడుకు కోసం పోలేపల్లి సెజ్‌కు ఫోను, వాడు నైట్ షిఫ్టు వదిలి రావడం. పదకొండున్నరకు బయలుదేరితే రాజాపూర్, బాలానగర్, రాయికల్ టోల్‌గేటు, షాద్‌నగర్, కొత్తూరు, శంషాబాద్. ఆరాంఘర్ చౌరస్తా దగ్గరకొచ్చాక ఏ ఆసుపత్రి అన్న పంచాయితీ కారులోనే మొదలవుతుంది. మొదటి చోట బెడ్డు లేదంటారు. రెండో చోట క్యాజువాల్టీలో ఈసీజీ తీస్తారు. గమనించండి, నొప్పి లేచాక తీసిన మొదటి ఈసీజీ అదే. అప్పటికి ఒంటిగంటన్నర. తర్వాత సంతకాలు, కార్డు వివరాలు, ఇంటి నుంచి రావాల్సిన క్యాథ్‌ల్యాబ్ బృందం. తీగ ధమనిలోకి దిగేసరికి మూడు. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, ఇందులో ఎవరూ దుర్మార్గులూ లేరు. క్రియేట్ రిజిస్ట్రీలో రోగులు నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి గడప తొక్కడానికి పట్టిన మధ్యస్థ కాలం 360 నిమిషాలు. సగం మందికి అంతకన్నా ఎక్కువే పట్టిందన్నమాట.

క్యాథ్‌ల్యాబ్‌లో తీగతో ధమని తెరవడం సూది కన్నా మెరుగైన చికిత్సే. ఇందులో తకరారు లేదు. కానీ ఆ మెరుగుకు ఒక గడువుంది. ఈసీజీలో జబ్బు తేలిన క్షణం నుంచి 120 నిమిషాల్లో తీగ గడ్డను దాటగలిగితే సూది వద్దు, తీసుకుపోండి. దాటలేకపోతే సూది వేయాలి, అదీ నిమిషాల్లో. యూరప్ మార్గదర్శకాలు తేల్చి చెప్పేది ఇదే. జడ్చర్ల గడియారాన్ని ఈ గడువు పక్కన పెట్టి చూడండి. అంబులెన్సు ముందే సిద్ధంగా ఉండి, పట్నంలో బృందం తలుపు దగ్గర కాచుకొని ఉంటే తప్ప 120 నిమిషాలు కుదరవు. ఎందరికి అట్లా కుదురుతుంది?

సూది అంటే రెండో తరగతి వైద్యమని, స్టెంటు అందని పేదలకు సరిపెట్టేదని ఒక చులకన భావం ఉంది. దాని పుట్టుక తెలిస్తే అట్లా అనబుద్ధి కాదు. అసలు ధమనిలో గడ్డ గుండెపోటుకు కారణమా, పోటు వచ్చాక పుట్టే ఫలితమా అని డాక్టర్లు చాలాకాలం కొట్లాడుకున్నారు. 1980లో డివుడ్ అనే అమెరికా వైద్యుడు, నొప్పి మొదలైన 4 గంటల్లోపు వచ్చిన 126 మంది ధమనుల్లోకి రంగు ఎక్కించి చూస్తే 110 మందిలో దారి పూర్తిగా మూసుకుపోయి ఉంది. తగువు తీరింది. 1986లో ఇటలీ వైద్యులు దాదాపు 12 వేల మంది మీద స్ట్రెప్టోకైనేజ్‌ను పరీక్షించారు. మూడు వారాల్లో చనిపోయినవాళ్లు 13 శాతం నుంచి 10.7కు తగ్గారు. మొదటి గంటలోనే సూది పడ్డవాళ్లలో చావులు దాదాపు సగానికి పడిపోయాయి. రెండేళ్లకు ఐసిస్-2 పరీక్షలో 17,187 మంది. సూది, దాంతోపాటు రోజూ మామూలు ఆస్పిరిన్ బిళ్ల, రెండూ అందిన గుంపులో చావులు 8 శాతం. రెండూ అందని గుంపులో 13.2. స్టెంట్లు ఇంకా లోకానికి సరిగా తెలియని రోజుల్లో వచ్చిన ఫలితాలివి.

ఆ తర్వాత మందు ఇంకా సులువైంది. స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు గంటసేపు బొట్టు బొట్టుగా ఎక్కించాలి, మధ్యలో బీపీ పడిపోతుంటుంది. టెనెక్టెప్లేస్‌కు ఆ బాధ లేదు. చిన్న సీసాలో తెల్లటి పొడి. దానికి నీళ్లు కలిపి, కుదపకుండా చేతిలో మెల్లగా తిప్పితే కరుగుతుంది. మనిషి 60 కిలోల లోపుంటే 30 మిల్లీగ్రాములు, ప్రతి పది కిలోలకూ ఐదు పెంచి, 90 దాటితే 50. నరంలోకి 5 నుంచి 10 సెకన్లలో ఎక్కించేస్తారు. ఒక్క జాగ్రత్త: అప్పటికే చేతికి డెక్స్‌ట్రోజ్ బాటిల్ పెట్టి ఉంటే ఆ గొట్టాన్ని మామూలు సెలైన్‌తో కడిగాకే ఇవ్వాలి, లేదంటే మందు గొట్టంలోనే పేరుకుంటుంది. ఇది చేయడానికి కార్డియాలజిస్టు పక్కన నిలబడనక్కర్లేదు. ఈసీజీ తీసే మనిషి, దాన్ని వాట్సాప్‌లో చూసి అవునో కాదో చెప్పే నిపుణుడు, మానిటరు, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే యంత్రం, ధైర్యమున్న డ్యూటీ డాక్టరు ఉంటే చాలు. 2013లో వచ్చిన స్ట్రీమ్ పరీక్షలో, నొప్పి వచ్చిన మూడు గంటల్లో దొరికి, గంటలోపు క్యాథ్‌ల్యాబ్‌కు చేరలేని రోగుల్ని రెండు గుంపులు చేశారు. సగం మందికి అక్కడికక్కడే టెనెక్టెప్లేస్ వేసి పంపారు, సగం మందిని నేరుగా తీసుకుపోయారు. నెల తిరిగేసరికి మరణం, బీపీ కూలిపోయే షాక్, గుండె వైఫల్యం, మళ్లీ పోటు అన్నీ కలిపి సూది గుంపులో 12.4 శాతం, నేరుగా పోయినవాళ్లలో 14.3. ఈ తేడా సూదే గొప్పదని నిరూపించేంత పెద్దది కాదు. కానీ సూది వేసి పంపితే మనిషి నష్టపోయాడన్న వాదన దీని ముందు నిలబడదు. పైగా అది ఎక్కువగా యూరప్ రోడ్ల మీద, యూరప్ ఆసుపత్రుల్లో వచ్చిన లెక్క.

"సూదితో మెదడుల రక్తం కారుతదట గదా?" కారవచ్చు. అదే పరీక్షలో సూది గుంపులో అది వందలో ఒకరికి జరిగింది, నేరుగా పోయినవాళ్లలో వెయ్యిలో ఇద్దరికి. 75 ఏళ్లు దాటిన వాళ్లకు మోతాదు సగం చేశాక ప్రమాదం తగ్గింది. గతంలో మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు, ఈమధ్యే పక్షవాతం వచ్చినవాళ్లకు, పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు, లోపల రక్తం కారుతున్నవాళ్లకు సూది వేయరు. బీపీ పూర్తిగా కూలిపోయి షాక్‌లో ఉన్నవాణ్ని ఎంత దూరమైనా క్యాథ్‌ల్యాబ్‌కే తీసుకుపోవాలి. "సూది ఫెయిలైతే?" అన్నది ఇంకా మంచి ప్రశ్న. మూడో వంతు మందిలో అది సరిగా పనిచేయదు. గంట, గంటన్నర తర్వాత మళ్లీ ఈసీజీ తీస్తే గీత సగమన్నా దిగలేదని తెలిసిపోతుంది, వెంటనే స్టెంటు వేయాలి. అందుకే సూది వేసిన మరుక్షణం అంబులెన్సు కదలాలి. ఆ పరీక్ష ఈసీజీ టైముకు రోగి పట్నం పొలిమేరలో ఉంటాడు. సూది పనిచేసినవాళ్లకు కూడా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయాల్సిందే. పట్నం ప్రయాణం ఎటూ తప్పదు. దారిలో మందు పనిచేస్తుండగా పోతున్నామా, దారిలో కండ చస్తుండగా పోతున్నామా అన్నదొక్కటే మన చేతిలో ఉంది.

ఈ పట్నం మోజు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూడాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని ప్రయోగంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటిదాకా పెద్దాసుపత్రి గేటు లోపలికి పోలేని జనం హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్లు చేయించుకొని వచ్చారు. అది చిన్న మేలు కాదు. కానీ గుండె అంటే పట్నం, పట్నమంటే కార్పొరేట్ అన్న లెక్క కూడా అప్పుడే ఇళ్లలో స్థిరపడింది. ముందే తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్‌కు ఆ లెక్క సరిపోతుంది. నిమిషాల మీద నడిచే గుండెపోటుకు అదే లెక్క వర్తింపజేశాం. "ఈడేముంది" అనేవాళ్లకు గుర్తు చేయాల్సింది ఇంకొకటుంది. 2015 నుంచి 2018 దాకా రాష్ట్ర ఆరోగ్య మంత్రి లక్ష్మారెడ్డి జడ్చర్ల ఎమ్మెల్యేనే. మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టెనెక్టెప్లేస్ ఉచితంగా వేసే స్టెమి కార్యక్రమం తెలంగాణలో నడుస్తోంది, 2023లో ఆంధ్రప్రదేశ్ కూడా మొదలుపెట్టింది. బయట కొంటే వేలకు వేలు పోయాల్సిన సూది అది. జిల్లా కేంద్రం జడ్చర్లకు అరగంట దూరం. అరగంట దూరంలో ఉన్నదాన్ని కాదని గంటన్నర దూరంలో ఉన్నదానికి పరుగెత్తుతున్నాం.

జనానిదే తప్పంటే అన్యాయం. రాత్రి పన్నెండింటికి చిన్న దవాఖానలో ఒంటరిగా ఉన్న డ్యూటీ డాక్టరు వైపు నుంచి ఆలోచించండి. ఈసీజీ చూశాడు, గీత లేచి ఉంది. సూది వేస్తే, ఆ తర్వాత రోగి పోతే, అద్దాలు పగులుతాయి, ఆ వీడియో తెల్లారేసరికి జిల్లా అంతా తిరుగుతుంది. వేయకుండా చీటీ మీద "హయ్యర్ సెంటర్‌కు రెఫర్" అని రాస్తే, రోగి షాద్‌నగర్ దగ్గర ప్రాణం వదిలితే, ఆ చావుకు ఎవరూ అతన్ని అడగరు. దారిలో పోయిన ప్రాణం ఏ ఆసుపత్రి లెక్కలోనూ పడదు. కాబట్టి చీటీ గెలుస్తుంది. డాక్టర్ల మీద దాడులను శిక్షించే చట్టం 2008లోనే వచ్చింది, దాని భయం ఎవరికుందో తెలియదు. అయినా సరే, సూదికి అన్ని విధాలా తగిన రోగికి సూది వేయకుండా చీటీ రాసివ్వడం జాగ్రత్త అనిపించుకోదు. అది చేయాల్సిన వైద్యం ఎగ్గొట్టడమే. డాక్టరు ధైర్యం చేయాలంటే బంధువులు ముందే ఒప్పుకోవాలి, పై అధికారి ముందే వెనక నిలబడాలి. ఈ రెండూ లేకుండా అతణ్ని తిట్టి లాభం లేదు.

ఆర్‌ఎంపీల సంగతి తొందరగా ముగిస్తాను. తుంటి మీద వేసిన నొప్పి సూది, ఆ తర్వాత గడ్డ కరిగించే మందు పడితే అక్కడే రక్తం గూడు కట్టడానికి కారణమవుతుంది, డైక్లోఫినాక్ గుండెకు మంచిది కూడా కాదు. ఛాతీ నొప్పికి వాళ్లు చేయగలిగిన మేలు ఒక్కటుంది: పడనివాడు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించి, 108కు ఫోన్ కొట్టి, తప్పుకోవడం. నాలుక కింద సార్బిట్రేట్ అందరికీ పెట్టేయడమూ మంచిది కాదు, బీపీ తక్కువున్నవాణ్ని అది నేల మీద పడేస్తుంది. గట్టిగా దగ్గితే గుండె ఆగదన్న వాట్సాప్ సలహాకు ఈ వ్యాసంలో ఇంతకన్నా చోటు లేదు.

పట్నం వాదానికి చివరి కోట ఒకటుంది. "లేటైతే ఏమాయె, స్టంటు ఏసిండ్రు, సెట్ అయిండు." లెక్కంతా ఇక్కడే తప్పుతోంది. మనిషి ఇంటికొచ్చాడా లేదా అన్నది చూస్తున్నాం, ఎంత గుండెతో వచ్చాడన్నది చూడటం లేదు. డిశ్చార్జి కాగితాల్లో ఎకో రిపోర్టు తీసి ఈఎఫ్ అన్న అంకె చూడండి. ప్రతి కొట్టుకు ఎడమ గది తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందో అది చెబుతుంది. మామూలుగా 55 పైన ఉండాలి. 30 అని రాసి ఉంటే స్టెంటు తళతళలాడుతున్నా సరే, హమాలీ అయితే ఇక మక్కల బస్తా ఎత్తలేడు, మేడ మెట్లెక్కితే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకోలేడు. ఆలస్యంగా తెరిచిన ధమని ఏం చేస్తుందో 2006లో ఓఏటీ అనే పరీక్ష చూసింది. గుండెపోటు వచ్చి మూడు రోజుల నుంచి నాలుగు వారాలైన, కుదురుగా ఉన్న 2,166 మంది. సగం మందికి మూసుకుపోయిన ధమనిని స్టెంటుతో తెరిచారు, సగం మందికి మందులే. నాలుగేళ్లకు మరణాలు, మళ్లీ పోట్లు, గుండె వైఫల్యం కలిపి చూస్తే తెరిచినవాళ్లకు ఏ మేలూ జరగలేదు. గొట్టం తెరుచుకుంది, అవతల రక్తం తాగే కండ లేదు.

అట్లా ఇంటికొచ్చినవాళ్లకు చేయగలిగింది బిళ్లల్లో ఉంది. మిగిలిన గుండె సాగి ఉబ్బిపోకుండా ఆపడం దానికి పేరు. 1992లో సేవ్ పరీక్షలో క్యాప్టోప్రిల్ అనే పాత మందే ఇలాంటి వాళ్లలో చావుల్ని ఐదో వంతు దాకా తగ్గించింది. ఆ జాతి మందులు మన మెడికల్ షాపుల్లో చౌకగా దొరుకుతాయి. మూడు నెలలు వాడి "బాగైంది గదా" అని ఆపేసేవాళ్లే ఎక్కువ.

పద్ధతి మార్చవచ్చనడానికి పొరుగునే తార్కాణం ఉంది. తమిళనాడులో చిన్న ఆసుపత్రుల్ని పెద్దవాటితో ముడిపెట్టి, దగ్గరి చోట ఈసీజీ, సూది, తర్వాత పెద్దాసుపత్రికి తరలింపు అనే క్రమాన్ని అమలు చేసి, దానికి ముందూ తర్వాతా కలిపి 2,420 మంది స్టెమి రోగుల్ని పోల్చి చూశారు. ఏడాదిలో చనిపోయినవాళ్లు 17.6 శాతం నుంచి 14.2కు తగ్గారు. కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త భవనం కట్టలేదు. ఉన్నవాటిని వరసలో పెట్టారు.

జడ్చర్లలో కూడా ఆ వరస లెక్కకు రావాలంటే రెండు టైములు కాగితం మీద పడాలి: రోగి దవాఖాన గడప దాటిన టైము, సూది పడ్డ టైము. నెలకోసారి ఆ లెక్క బయటపెట్టాలి, సూది వేయకుండా పంపిన ప్రతి స్టెమి రోగికీ కారణం రాయాలి. గుండెపోటు రోగి కోసం పట్నం ఆసుపత్రులకు అర్ధరాత్రి ఫోన్లు చేసి బెడ్డు ఇప్పించే లీడర్లు మనకు కొదవ లేదు. వాళ్లు రేపు పొద్దున ఒక్క ఫోను ఊళ్లోని సర్కారు దవాఖాన సూపరింటెండెంటుకు చేసి, టెనెక్టెప్లేస్ స్టాకులో ఎన్ని సీసాలున్నాయో, రాత్రి డ్యూటీలో ఈసీజీ తీసేదెవరో, ఆ ఈసీజీ ఏ నంబరుకు పోతుందో అడగాలి.